చేప వెయ్యని ఆరు పాదులు

ఆ ఏడు మా ఆయన నాటిన చేలో ఆరు పాదుల్లో పైరు ఎదగలేదు. ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువగా నవ్వినదాన్ని నేను. నవ్వడమంటే పళ్ళు బయటపెట్టి కాదు. ఇంటి మనిషిని ఇంటి మనిషే చులకన చేస్తే ఎలా ఉంటుందో అలా.

ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. ఇప్పుడు మా న్యూ కోంబ్‌లో ప్రార్థన మందిరం ఉంది, గొడ్లున్నాయి, ఆ గొడ్లు కంచె దాటాయని తగాదాకొచ్చే పొరుగువాళ్ళూ ఉన్నారు. అప్పట్లో ఏటి ఒడ్డున ఒక చెక్కకోట, దాని వెనక పంతొమ్మిది పూరిళ్ళు, అంతే. ఇంగ్లండు నుంచి వచ్చి నూటనాలుగు మందిమి ఇక్కడ ఓడ దిగాం. మంచు కరిగేసరికి యాభై ఒక్కరం మిగిలాం. ఆ చలికాలం సంగతి చెప్పడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు, అక్కడ లేనివాళ్ళు కూడా చెబుతుంటారు. నేను చెప్పేది దాని తర్వాత వచ్చిన పంటకాలం సంగతి.

నా కూతురు సిస్లీకి అయిదేళ్ళు. జబ్బుపడ్డవాళ్ళందరినీ ఒకే ఇంట్లో పడుకోబెట్టేవాళ్ళు. జనవరిలో నాకు ఒళ్ళు తెలియని జ్వరం. నా పక్కనే పడుకున్న పిల్ల తెల్లవారేసరికి పోయిందట. తీసుకుపోయేటప్పుడు నా చెయ్యి దాని గౌను పట్టుకుని ఉందట. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తీసుకుపోయారట. కన్నబిడ్డ చావు గురించి తల్లినైన నాకు తెలిసినవన్నీ ఇలాంటి 'అట'లే. నాకు తెలివొచ్చేటప్పటికి మార్చి నెల.

కాళ్ళు నిలబడిన మొదటి రోజునే సమాధి చూద్దామని వెళ్ళాను. కోటకీ ఏటికీ మధ్య వాలులో పూడ్చారని తెలుసు. వెళ్ళి చూస్తే ఏముంది, చదునైన నేల. మట్టి దిబ్బ లేదు, రాయి లేదు, కర్ర ముక్క లేదు. కొమ్మలతో ఊడ్చి పైన ఎండుటాకులు చల్లారు. యాభైమందికి పైగా పడుకున్న నేల, ఎవరూ తొక్కని నేలలా ఉంది.

నా వెనకే డార్కస్ వచ్చింది. డార్కస్ మా ఇంట్లోనే ఉండేది. ఇళ్ళు ఖాళీ అయిపోతే మిగిలినవాళ్ళని ఏడు ఇళ్ళల్లో సర్దారు, ఆమె మా వాటాకి వచ్చింది. ఆమె భర్తా ఆ వాలులోనే ఉన్నాడు.

"ఎవరెక్కడున్నారో అడక్కు, థామసిన్. గవర్నరు గారి ఉత్తర్వు," అంది. "మా ఆయన బతికుండగానే ఎక్కడున్నాడో నాకు తెలిసేది కాదు. ఇప్పుడూ అంతే."

అని నవ్వింది. నవ్వుతూనే తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

సంగతేమిటంటే, ఏటవతలి కొండ మీంచి, మాకంటే ముందు నుంచీ ఇక్కడున్న జనం మమ్మల్ని చూస్తుంటారని అందరికీ భయం. దిబ్బలు కనిపిస్తే లెక్కపెడతారు, లెక్కపెడితే తుపాకి ఎత్తగల మగవాళ్ళు ఇరవైమంది కూడా లేరని తెలిసిపోతుంది, తెలిస్తే మీద పడతారు. అందుకని సమాధులన్నీ చదును చేయించాడు గవర్నరు. వసంతంలో ఆ వాలంతా విత్తు వేసెయ్యాలన్నాడు. పూడ్చినవాళ్ళ చేత బైబిలు మీద ప్రమాణం చేయించాడు, ఎవరిని ఎక్కడ పెట్టారో ప్రాణమున్న మనిషికి చెప్పకూడదని. భార్యలకీ తల్లులకీ అసలు చెప్పకూడదని. ఆడవాళ్ళకి తెలిస్తే అక్కడ కూర్చుని ఏడుస్తారు, ఆ ఏడ్చే చోటే గుర్తు అయిపోతుంది, అని ఆయన లెక్క. మంచి లెక్కే. నేనైతే అదే చేసి ఉండేదాన్ని.

సిస్లీని పూడ్చింది ఇద్దరు. ఆ వారం ఊళ్ళో కాళ్ళమీద నిలబడగలిగిన మగవాళ్ళే ఇద్దరు. ఒకరు సైలస్ అనే ముసలి వడ్రంగి. పిల్లని పూడ్చిన ఎనిమిదో రోజున ఆయనా పోయాడు. రెండో మనిషి పిల్ల తండ్రి, నా భర్త ఆంబ్రోస్.

ఇంటికి వచ్చేసరికి అతను గొడ్డలికి పిడి చెక్కుతున్నాడు. మనిషి సగమైపోయాడు. చలికాలంలో నాకూ పిల్లకీ తన వాటా గంజి కూడా పోశాడని డార్కస్ చెప్పింది. అవన్నీ నాకప్పుడు గుర్తు లేవు.

"ఎక్కడ పెట్టావు?" అన్నాను.

"చెప్పకూడదు, థామసిన్."

"నేనెవరితో చెబుతాను?"

"నువ్వు చెప్పవు. నీ కాళ్ళు చెబుతాయి. తెలిస్తే నువ్వు అటే వెళ్తావు. రోజూ వెళ్తావు."

"వెళ్తే ఏం?"

"ప్రమాణం చేశాను."

ఆ ఒక్క మాటకి అర్థం నాకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మా దేశంలో ఉండగా బిషప్ గారి కోర్టులో ఒక ప్రమాణం చెయ్యమన్నారు. ఊళ్ళో అందరూ చేశారు, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అన్నారు. ఆంబ్రోస్ చెయ్యనన్నాడు. ముత్తాతల నాటి కౌలు పోయింది, గొర్రెలు పోయాయి. ఒక్క అబద్ధపు మాట నోటితో అనలేక సముద్రం దాటిన మనిషి అతను. అప్పుడు అందుకు గర్వపడ్డాను. ఇప్పుడు అదే వచ్చి నా గొంతుకి అడ్డం పడింది.

"పుస్తకం మీద చెయ్యి పెట్టినప్పుడు నేను గుర్తు రాలేదా నీకు?" అని అడిగాను.

పిడి చెక్కడం ఆపాడు. "నువ్వు బతుకుతావని ఎవరూ అనుకోలేదు," అన్నాడు.

ఆ మాటకి నేను కరిగి ఉండాల్సింది. కరగలేదు. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడడం మానేశాను. తిండి పెట్టేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని, పెదవి మాత్రం కదిపేదాన్ని కాదు. నా బిడ్డ ఎక్కడుందో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే, అతను రోజూ నా ఎదురుగా కూర్చుని గంజి తాగుతున్నాడు. అది తట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఏప్రిల్‌లో ఏటవతల నుంచి ఒక ముసలామె వచ్చింది, వెంట మేనల్లుడు. అతను చేపల ఓడల్లో కొన్నేళ్ళు పనిచేసి మా మాట నేర్చుకున్నవాడు. ఆమె పేరు మా నాలికలకి తిరగలేదు. అవ్వ అనేవాళ్ళం. మేం ఇంగ్లండు నుంచి తెచ్చిన గోధుమ, బఠాణీ మొలకెత్తకుండానే కుళ్ళిపోయాయి. అవ్వ ఒక బుట్టెడు మొక్కజొన్న విత్తనం తెచ్చి మా మగవాళ్ళు నేల తవ్వుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. మేనల్లుడితో ఏదో అంది.

"మా అత్త అడుగుతోంది," అన్నాడతను, "మీ ఆడవాళ్ళకి చేతుల్లేవా, మీ మగవాళ్ళకి వేట రాదా అని."

వాళ్ళల్లో సేద్యం ఆడవాళ్ళ పని. మగవాళ్ళు పార పట్టుకోవడం చూస్తే వాళ్ళకి నవ్వు. గవర్నరు మొహం కందగడ్డ అయింది. మేం ఆడవాళ్ళం చాలా నెలల తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాం.

ఎలా నాటాలో అవ్వే చూపించింది. ఓక్ చిగురు ఎలుక చెవంత అవ్వాలి, అదీ అదను. అప్పుడు ఏటికి ఎదురెక్కి వచ్చే చేపల్ని బుట్టలతో పట్టాలి. మట్టి గుండ్రంగా ఎగదోసి పాదు చెయ్యాలి, పాదుకి మూడు చేపలు తలలు లోపలికి పెట్టి కప్పాలి, పైన నాలుగు గింజలు. చేప లేకపోతే ఈ నేలలో పైరు మోకాలెత్తు కూడా రాదంది. ఇంకోటి కూడా చెప్పింది. పద్నాలుగు రోజులు కాపలా కాయాలి. చేప కుళ్ళేదాకా ఆ వాసనకి తోడేళ్ళు వచ్చి తవ్వుతాయి.

వాలునంతా మడులుగా పంచారు. ఒక చెట్టు మోడు దగ్గర, ఏటి వైపు దిగువ మడి తనకి కావాలని ఆంబ్రోస్ అడిగి తీసుకున్నాడు. ఎవరూ కోరని మడి అది, ఊట నేల. గవర్నరు సంతోషంగా ఇచ్చాడు. ఏరి కోరి ముల్లు తొక్కడం మా ఆయనకి అలవాటే అనుకున్నాను.

మగవాళ్ళు పాదులు చేస్తుంటే మేం చేపల బుట్టలు మోసేవాళ్ళం. దిగువ మడికి నేను వెళ్ళాను. చివరి పాదుల దగ్గరికి వచ్చేసరికి ఆంబ్రోస్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇక్కడ వద్దు. బుట్ట అక్కడ పెట్టి వెళ్ళు. ఈ కాస్త నేను చూసుకుంటాను," అన్నాడు.  బుట్ట కింద పడేసి వచ్చేశాను.

నాలుగో రోజు తెల్లవారి చూస్తే పై మడుల్లో తోడేళ్ళు పడ్డాయి. కాపలావాడు కునుకు తీశాడు. ముప్ఫై పాదులు తిరగేశాయి. ఒక్కో గొయ్యి మోచేతి లోతు. కబురు వినగానే ఆంబ్రోస్ గిన్నె వదిలేసి, టోపీ కూడా పెట్టుకోకుండా పరుగెత్తాడు. పై మడుల వైపు కాదు, దిగువకి. అక్కడ కాసేపు నిలబడి, నిదానంగా తిరిగొచ్చి, మిగిలిన గంజి తాగాడు.

"పైరంటే అంత ప్రాణమా మీ ఆయనకి?" అంది డార్కస్.

"దేనిమీదో ఒకదానిమీద ఉండాలిగా," అన్నాను. ఆమెతో అన్నట్టు, అతనికి వినబడేట్టు.

జూలైకి వాలు పచ్చబడింది. పైరు రొమ్ముల దాకా వచ్చింది. మేం చూసిన ఏ పంటా అంత తొందరగా లేచింది లేదు. అందరి మొహాల్లో నెత్తురు కనిపించసాగింది. దిగువ మడిలో మాత్రం ఆరు పాదులు, మూడేసి చొప్పున రెండు వరసలు, పసుపచ్చగా, మోకాలి కింద ఆగిపోయాయి. చుట్టూ ఎత్తైన పైరు, మధ్యలో అవి. దూరం నుంచే కనబడేవి.

గవర్నరు చూడటానికి వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. భార్యని చలికాలంలో పోగొట్టుకుని, తెల్లారి నుంచి అందరి బతుకులూ లెక్కపెట్టుకుంటూ తిరిగే మనిషి. పంట అందరిదీ, గాదె ఒక్కటే. ఒక్కడు పని ఎగ్గొడితే అందరి కంచంలో మట్టి పోసినట్టే. ఒక పాదులో వేళ్ళు దింపి కెలికి చూశాడు. చేప ముల్లు కూడా తగల్లేదు.

"చేప వెయ్యలేదా?" అన్నాడు.

"వెయ్యలేదు," అన్నాడు ఆంబ్రోస్.

"మర్చిపోయావా?"

మర్చిపోయానంటే అయిపోయేది. ఒక్క మందలింపుతో పోయేది. అందరం అదే అంటాడని చూస్తున్నాం.

"మర్చిపోలేదు," అన్నాడు.

"మరి బద్ధకమా?"

 ఆంబ్రోస్ నేల చూస్తూ నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అతన్ని కోట వాకిట్లో నిలబెట్టారు. మెళ్ళో బుట్ట, బుట్టలో కుళ్ళిన చేపలు. ఊరంతా ఆ వాకిట్లోంచే ఇళ్ళకి పోవాలి. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఎవరో ఆ ఆరు పాదులకి 'సోమరి వరస' అని పేరు పెట్టారు. ఆంబ్రోస్ ఎవరినీ చూడలేదు, నన్ను తప్ప. నేను డార్కస్ చెయ్యి పట్టుకుని తల తిప్పుకుని వచ్చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి తొట్టి దగ్గర మెడ కడుక్కుంటున్నాడు. నాలుగు నెలల తర్వాత అతనితో మొదటి మాట మాట్లాడాను.

"చచ్చిన బిడ్డకీ పనికిరాలేదు, బతికిన గింజకీ పనికిరాలేదు నీ చెయ్యి," అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారిన నోరు కూడా కాదు. నాలుగు నెలలు నూరి నూరి పదును పెట్టిన మాట అది. డార్కస్ పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆంబ్రోస్ మెడ కడుక్కోవడం ఆపలేదు. వాసన పోయిందాకా కడుక్కుని, తొట్టి పారబోసి, రేపటికి నీళ్ళు తెస్తానని ఏటికి వెళ్ళాడు.

ఆగస్టులో ఎండలు మండిపోయాయి. కోటకి దుంగలు మోస్తున్న ఆంబ్రోస్ మధ్యాహ్నం తల పట్టుకుని ఇంటికొచ్చాడు. చేతికి గిన్నె ఇచ్చేలోగా పడిపోయాడు. వడదెబ్బ. ఒక పక్క పడిపోయింది, మాట ముద్దగా అయింది.

మొదటి రోజు నేను అడిగాను. సిగ్గు విడిచి చెవిలో అడిగాను, ఇప్పుడైనా చెప్పమని. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజం కదులుతోంది. నాకు కోపం రాలేదు, ఆ ఓపిక కూడా అయిపోయింది. తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచి నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. నోరు కూడగట్టుకుని, "చేప... వెయ్యలేదు నేను," అన్నాడు.

పాపం, ఆ కోట వాకిలి అవమానం ఇంకా మనసులో మెదులుతోంది కాబోలు అనుకున్నాను. నేనన్న మాటా గుర్తొచ్చింది. ప్రాణం చివుక్కుమంది.

"పోనీలే. ఇప్పుడెందుకా గొడవ? చేపలు ఎంత, మనమెంత," అన్నాను.

తల అడ్డంగా ఊపబోయాడు, ఊగలేదు. "ఆరింటికీ... థామసిన్... ఆరింటికీ వెయ్యలేదు."

"మాట్లాడకు. అలసిపోతావు," అని అతని నోటిమీద చెయ్యి పెట్టాను. మెల్లగానే పెట్టాను, ప్రేమగానే పెట్టాను. ఆ వేళ్ళ మీంచి నన్ను చూస్తూ ఉన్నాడు. మరి మాట్లాడలేదు. పొద్దు వాలకముందే పోయాడు.

అప్పటికి గవర్నరు కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. పంట చేతికొస్తోంది, అవతలివాళ్ళు రాకపోకలు సాగిస్తున్నారు. అందరికీ కనబడేలా పూడ్చుకోవచ్చు, చోటు నువ్వే చెప్పమన్నాడు నాతో. నేను ఊరి వెనక కొండ చూపించాను. అక్కడి నుంచి సముద్రం కనబడుతుంది, ఇంటి దిక్కు చూస్తూ ఉంటాడని. పేరు చెక్కిన చెక్క పాతారు. ఊళ్ళో పేరున్న మొదటి సమాధి అదే.

అక్టోబరులో కంకులు విరిచాం. గాదె నిండింది. గవర్నరు అవ్వనీ వాళ్ళవాళ్ళనీ విందుకి పిలిచాడు. వాళ్ళు జింకల్ని మోసుకొచ్చారు. తిండి మధ్యలో గవర్నరు లేచి మేనల్లుడి ద్వారా నాలుగు మంచి మాటలు చెప్పించాడు. చివర్లో, మా మనుషులు ఇంకా చాలామంది కోటలోపల కాపలాలో ఉన్నారు, విందుకి రాలేకపోయారు, ఏమీ అనుకోవద్దని కూడా చెప్పమన్నాడు. కోటలో పిట్ట కూడా లేదు.

అవ్వ తింటున్న ముక్క కింద పెట్టింది. వెటకారం లేకుండా, పిల్లలతో మాట్లాడినట్టు ఏదో అంది. మేనల్లుడు మా వైపు తిరిగాడు.

"మా అత్త ఏమంటుందంటే," అన్నాడు, "చలి మొదట్లో మీ ఊళ్ళో పంతొమ్మిది పొగలు లేచేవి. మంచు కరిగేసరికి ఏడు. మాకు అప్పుడే తెలుసు. అందుకే విత్తనం పట్టుకుని వచ్చాం."

 అవ్వ చేతితో వాలు వైపు చూపించి ఇంకో మాట అంది. దాన్ని అతను నిదానంగా చెప్పాడు. "ఆ చేనున్న చోట ఒకప్పుడు మావాళ్ళవి అరవై పొగలుండేవి. పెద్ద జబ్బు వచ్చింది. వాళ్ళూ అక్కడే ఉన్నారు."

గవర్నరు కూర్చున్నాడు.  మా చలికాలం చావులన్నీ అవతలి కొండ మీద ఎప్పుడో లెక్క తేలిపోయాయి. చిమ్నీలు చెప్పేశాయి. ఆ ఆకులు చల్లడం, ఆ ప్రమాణాలు, నా నాలుగు నెలల మౌనం, ఆంబ్రోస్ మెళ్ళో బుట్ట, అన్నీ దేనికోసం? నేను లేచి వెళ్ళి మేనల్లుడి చెయ్యి పట్టుకుని అడిగాను, ఎవరిని ఎక్కడ పూడ్చారో కూడా మీకు కనిపించిందా అని. అతను అవ్వని అడిగాడు. అవ్వ నన్ను ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపింది. పొగ కనబడుతుంది గానీ అంత దూరానికి నేల కనబడదంది. నా చెంప మీద చెయ్యి వేసి వెళ్ళి కూర్చుంది.

మర్నాడు చొప్ప పీకే పని. ఆడవాళ్ళం వరసలు పంచుకున్నాం. పాదు పాదుకీ చొప్పని వేళ్ళతో సహా లాగుతుంటే దాని వెంట చేప ముళ్ళు వచ్చేవి, వెన్నుముళ్ళు, తలల చిప్పలు, వేళ్ళల్లో చిక్కుకుని. ఇన్ని ముళ్ళు తిని పెరిగిన గింజ మన గొంతులో గుచ్చుకోకపోతే అదే పదివేలు, అని డార్కస్ నవ్వించింది. అలా దిగువ మడికి వచ్చాం.

"నీ మొగుడి ఘనకార్యం నువ్వే పీకు," అంది.

మొదటిది లాగాను. తేలిగ్గా వచ్చేసింది. వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క ముల్లు లేదు. రెండోది పట్టుకుని వంగినప్పుడు రెండు వరసల మధ్య నేల కనబడింది. మిగతా చేనంతా పారతో గుల్ల చేసిన మట్టి. ఇక్కడ పార తగల్లేదు. పాదులకి మట్టి కూడా బయటి వైపు నుంచే ఎగదోశాడు. మధ్య నేల అలాగే గట్టిగా, నునుపుగా ఉంది. ఒక పిల్ల పడుకునేంత చోటు.

జనవరిలో నేల ఇనుములా ఉంటుంది. ఒక ముసలివాడూ, తిండిలేని ఒక తండ్రీ ఎంత లోతు తవ్వగలరు? తోడేళ్ళు చేప కోసం మోచేతి లోతు తవ్వుతాయి. టోపీ లేకుండా దిగువకి పరుగెత్తింది పైరు మీద ప్రాణంతో కాదు. మర్చిపోలేదు అన్నది పొగరూ కాదు. నోటితో చెప్పనని ప్రమాణం చేశాడు గనక చెప్పలేదు. నేల మీద రాసి పెట్టాడు, నాలుగు నెలలు ఎదుట పెట్టాడు, నేను చూసి నవ్వాను. చివరికి ప్రాణం పోతూ ప్రమాణం అంచుదాకా వచ్చి, ఆరింటికీ వెయ్యలేదు అన్నాడు. నేను నోరు మూశాను.

"ఏమైందే?" అంది డార్కస్.

"ఏం లేదు. నడుం పట్టేసింది."

నేను అక్కడ కూర్చోలేదు, ఏడవలేదు. నా కాళ్ళు చెప్పేస్తాయన్నాడు కదా, కాళ్ళని కూడా కదలనివ్వలేదు. పీకిన మొక్కని మళ్ళీ దాని గుంటలోనే పెట్టి చేత్తో మట్టి అదిమాను. డార్కస్ నా చేతుల వైపు చూసింది, ఆ మధ్య నేల వైపు చూసింది. ఆమె మొగుడు ఆ వాలులో ఎక్కడున్నాడో ఆమెకి ఎప్పటికీ తెలియదు. 

"ఇవి ఉండనీ. ఆ పై వరస నేను చూసుకుంటాలే," అని బుట్ట ఎత్తుకుని వెళ్ళింది.

మూడో ఏడు పొలాలు ఇంటింటికీ పంచినప్పుడు నేను ఆ ఊట మడి అడిగాను. సోమరి వరసకి సోమరి పెళ్ళాం అని నవ్వుకున్నారు. ఒంటరి ఆడదానికి ఇక్కడ పొలం నిలవదు గనక మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. మంచివాడు, అడగకూడనివి అడిగేవాడు కాదు. పిల్లలు పుట్టారు, పెరిగారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆంబ్రోస్ నాకు ఇచ్చి వెళ్ళింది అదొక్కటే, దాన్ని నలుగురి నోళ్ళల్లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

తండ్రి కొండ మీద, బిడ్డ ఏటి ఒడ్డున. ఒక చోట ఉండాల్సినవాళ్ళు. గవర్నరు చోటు చెప్పమన్నప్పుడు దిగువ మడి అని ఉంటే ఇవాళ పక్కపక్కన ఉండేవాళ్ళు. అప్పటికి నాకు తెలియదు. తెలియజెప్పాలని చూసిన మనిషి నోటికి నా చెయ్యే అడ్డం.

ఏటా ఓక్ చిగురు ఎలుక చెవంత అయినప్పుడు ఆ ఆరు పాదులూ నా చేత్తోనే వేస్తాను. నాలుగేసి గింజలు, మధ్య నేలకి పార తగలనివ్వను. ఏటా మోకాలి కింద పసుపచ్చగా లేచి, కంకి వెయ్యకుండానే వాలిపోతాయి. ఈ ఏడు నా చిన్న కూతురు రెబెకా ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడి విసుక్కుంది. "అమ్మా, మళ్ళీ ఆ ఆరింటికీ చేప మర్చిపోయావు. వయసు మీద పడుతోంది నీకు."

"మర్చిపోలేదు," అన్నాను.